ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను ఫోనులో వేసుకోవడం ఎలా? ఏపీకే ఫైళ్ల గురించి దశలవారీగా

"ఫలానా యాప్ ప్లే స్టోర్‌లో లేదు, ఏపీకే దించుకుని వేసుకోవచ్చా?" ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. దాని వెనకే రెండోది: "చలాన్ అని వాట్సాప్‌లో ఒక ఏపీకే వచ్చింది, నొక్కేశాను, ఇప్పుడేం చేయాలి?" ఐఫోన్ వాడేవారిది మూడోది: "ఆండ్రాయిడ్‌లో కుదిరేది మాకెందుకు కుదరదు?" మూడింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను. మీది రెండో ప్రశ్న అయితే ఇదంతా వదిలేసి, కింద "పొరపాటున వేసేస్తే" అన్న భాగానికి వెళ్లండి. అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే.

మిగిలినవారు ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. మీరు వెతుక్కుంటూ వెళ్లి తెచ్చుకున్న ఏపీకే వేరు, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన ఏపీకే వేరు. మొదటిదాన్ని పరీక్షించి వేసుకునే పద్ధతి ఒకటుంది. రెండోదానికి ఏ పరీక్షా అక్కర్లేదు, చెరిపేయడమే.

కొంచెం నేపథ్యం, అంతకు మించి వద్దు

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్ ఉండే ఫైలు. ప్లే స్టోర్ కూడా తెర వెనక ఇదే ఫైలును దించి ఫోనులో పెడుతుంది. స్టోర్‌తో పని లేకుండా ఆ పని మనమే చేసుకునే వీలు ఆండ్రాయిడ్‌లో మొదటి నుంచీ ఉంది. ఆండ్రాయిడ్ 7 వరకు "తెలియని సోర్స్‌లు" అని ఒకే మీట ఉండేది. అది వేస్తే ఫోనులోని ఏ యాప్ అయినా మరో యాప్‌ను తెచ్చి పెట్టమని అడగగలిగేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ అనుమతిని ఒక్కో యాప్‌కు విడివిడిగా ఇవ్వాలి. క్రోమ్‌కు ఇస్తే క్రోమ్‌కే, వాట్సాప్‌కు ఇస్తే వాట్సాప్‌కే. ఈ తేడాను సరిగ్గా వాడుకోవడమే ఈ వ్యాసంలో సగం విషయం.

యాపిల్ దారి వేరు. 2008లో యాప్ స్టోర్ తెరిచినప్పటి నుంచి మన దేశంలో ఐఫోన్‌లోకి మామూలు మనిషికి ఉన్న దారి అదొక్కటే. ఏ పద్ధతి మేలన్న వాదన ఇక్కడ పెట్టడం లేదు. బయటి యాప్ అవసరమే లేని ఇంటి పెద్దవాళ్ల ఫోనుకు మూసిన పద్ధతే నయమని మాత్రం నా అభిప్రాయం.

అసలు మీకు ఇది అవసరమా?

బ్యాంకు, యూపీఐ, ఆధార్, డిజీలాకర్, ఎం-పరివాహన్, బీమా యాప్‌లను ఎట్టి పరిస్థితిలోనూ ఏపీకే రూపంలో వేసుకోవద్దు. వాటన్నిటికీ ప్లే స్టోర్ ఉంది. "ప్లే స్టోర్‌లో ఉన్నది పాతది, కొత్తది ఈ లింకులో ఉంది" అని బ్యాంకు ఉద్యోగి పేరుతో ఫోన్ చేసి ఎవరైనా చెబితే, ఆ మాటతోనే ఆ మనిషి ఎవరో తేలిపోయినట్టే.

జీబీ వాట్సాప్ లాంటి మార్చిన యాప్‌లు కూడా వద్దు. నీలం టిక్కు దాచుకోవచ్చని, చెరిపిన సందేశాలు చూడవచ్చని కుర్రాళ్లు వేసుకుంటారు. మార్చిన యాప్ అంటే ఎవరో ఊరూ పేరూ లేని మనిషి లోపల చెయ్యి పెట్టి, మళ్లీ తన సంతకంతో మూసిన యాప్. మీ సంభాషణలన్నీ దాని లోపలి నుంచే పోతాయి. పైగా ఇలాంటివి వాడే ఖాతాలను వాట్సాప్ సంస్థ నిలిపివేస్తుంది.

మరి ఏవి పనికొస్తాయి? సోర్సు కోడ్ (యాప్ లోపలి రాత) బహిరంగంగా ఉండి, ప్రకటనలు లేకుండా నడిచే యాప్‌లు చాలా ఉన్నాయి. మ్యాపులకు ఆర్గానిక్ మ్యాప్స్, కంప్యూటర్‌తో ఫైళ్లు పంచుకోవడానికి కేడీఈ కనెక్ట్, లినక్స్ ఆదేశాలు నేర్చుకునేవారికి టర్మక్స్. వీటిలో కొన్ని ప్లే స్టోర్‌లో కూడా దొరుకుతాయి. అక్కడ దొరికి, మీకు సరిపోతే అక్కడే తీసుకోండి. అనవసరంగా తిప్పలు ఎందుకు?

ఈ వ్యాసంలో నమూనాగా హెలిబోర్డు అనే కీబోర్డును వేసి చూపిస్తాను. దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. మీరు కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, కీబోర్డు కంట పడుతుంది. అలాంటి యాప్‌ను బయటి నుంచి తెచ్చుకునేటప్పుడు ఏం చూడాలో తెలిస్తే మిగతావన్నీ తేలికే.

కావలసినవి

- ఆండ్రాయిడ్ 8 లేదా ఆపై వెర్షన్ ఉన్న ఫోను. వెర్షన్ సంఖ్య సెట్టింగ్‌లలో "ఫోన్ గురించి" అన్నచోట ఉంటుంది. అంతకన్నా పాత ఫోనైతే ఈ పని పెట్టుకోవద్దు.
- కొంత ఖాళీ స్థలం, నమ్మకమైన వైఫై లేదా మొబైల్ డేటా.
- ఫోటోలు, కాంటాక్టుల బ్యాకప్. మామూలుగా అవసరం పడదు, పడిన రోజు మాత్రం ఇది లేకపోతే ఏడుపే.
- తీరిక. ఎవరో ఫోన్‌లో తొందరపెడుతుండగా ఈ పని చేయకూడదు. తెలియని నంబరుతో కాల్‌లో ఉండగా ప్లే ప్రొటెక్ట్‌ను (హాని చేసే యాప్‌లను పట్టే గూగుల్ ఏర్పాటును) ఆపడం, మొదటిసారి బయటి యాప్ వేయడం లాంటివి జరగకుండా గూగుల్ కొత్త ఆండ్రాయిడ్‌లో అడ్డు పెట్టింది. మోసాలు జరిగేది ఎక్కువగా అలాగే మరి.

దశలు

1. ముందు ప్లే ప్రొటెక్ట్ నడుస్తోందో లేదో చూడండి. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ మీద నొక్కితే "ప్లే ప్రొటెక్ట్" కనిపిస్తుంది. అందులో స్కానింగ్ ఆన్‌లో ఉండాలి. బయటి నుంచి వేసే యాప్‌ల కోడ్‌ను అప్పటికప్పుడు పరీక్షించే ఏర్పాటును 2023 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు, మొదలుపెట్టింది మన దేశంతోనే. "యాప్ పడటం లేదు, ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి" అనే వీడియోలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ సలహా ఇచ్చిన వీడియోను అక్కడికక్కడే మూసేయండి.

2. బ్రౌజర్‌లో ఎఫ్-డ్రాయిడ్ వెబ్‌సైటుకు వెళ్లండి. 2010 నుంచి నడుస్తున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌ల భాండాగారం ఇది. చిరునామాను మీ చేత్తో కొట్టండి: ఎఫ్, అడ్డగీత, డ్రాయిడ్, చుక్క, ఓఆర్‌జీ (f-droid.org). గూగుల్‌లో వెతికి పైన వచ్చిన మొదటి లింకు నొక్కవద్దు. అక్కడ ప్రకటన ఉండవచ్చు, పోలిన పేరుతో నకిలీ సైటూ ఉండవచ్చు. పేజీ తెరుచుకున్నాక చిరునామా పట్టీలో ఒక్కో అక్షరం మళ్లీ చూడండి.

3. డౌన్‌లోడ్ బటన్ నొక్కండి. ఈ రకం ఫైలు హాని చేయవచ్చని క్రోమ్ హెచ్చరిస్తుంది. ఏ ఏపీకేకైనా వచ్చే హెచ్చరికే ఇది, భయపడనక్కర్లేదు. ఎక్కడి నుంచి దించుతున్నారో మీకు తెలుసు కాబట్టి కొనసాగించండి.

4. దిగిన ఫైలును నొక్కండి. "ఈ సోర్స్ నుంచి యాప్‌లు వేయడానికి మీ ఫోనుకు అనుమతి లేదు" అన్న అర్థం వచ్చే పెట్టె వస్తుంది. అందులో సెట్టింగ్‌లు నొక్కి, క్రోమ్ పక్కన ఉన్న మీటను ఆన్ చేయండి. వెనక్కి వచ్చి ఇన్‌స్టాల్ నొక్కండి. స్కాన్ చేయమంటారా అని ప్లే ప్రొటెక్ట్ అడిగితే సరేననండి. సామ్‌సంగ్ ఫోనుల్లో ఇక్కడే ఆగిపోవచ్చు. దాని సంగతి కింద పొరపాట్ల భాగంలో ఉంది.

5. ఎఫ్-డ్రాయిడ్ పడగానే, ఇంకేదీ ముట్టుకోకముందు, క్రోమ్‌కు ఇచ్చిన అనుమతి తీసేయండి. సెట్టింగ్‌లు, యాప్‌లు, ప్రత్యేక యాప్ యాక్సెస్, ఆ లోపల "తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం". ఆ జాబితాలో క్రోమ్ ఆఫ్‌లో ఉండాలి. చాలామంది ఈ దశ దాటేస్తారు. అనుమతిని అలాగే వదిలేయడమంటే ఇంటికి తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించి వెళ్లడం. రేపు ఏదో సైటులో వేలు జారి ఇంకో ఏపీకే దిగితే, మధ్యలో ఆపి అడిగే ఆ పెట్టె ఇక రాదు.

 అదే జాబితాలో వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్, జీమెయిల్ కూడా ఉంటాయి. వాటిలో ఏదైనా ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపండి. మీ అమ్మానాన్నల ఫోను చేతికి వచ్చినప్పుడు అక్కడా ఈ జాబితా ఒకసారి చూడండి.

6. ఎఫ్-డ్రాయిడ్ తెరవండి. మొదటిసారి యాప్‌ల జాబితాను దించుకోవడానికి కాస్త సమయం పడుతుంది. తెర ఖాళీగా ఉందని వెంటనే మూసేయకండి. జాబితా వచ్చాక హెలిబోర్డు (ఇంగ్లీషులో HeliBoard) అని వెతకండి.

7. ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఆ యాప్ పేజీని కిందిదాకా చదవండి. రెండు విషయాలు చూడాలి. మొదటిది "యాంటీ ఫీచర్స్" అనే గుర్తులు: ప్రకటనలున్నా, మీ వాడకాన్ని గమనిస్తున్నా, స్వేచ్ఛ లేని ఆన్‌లైన్ సేవ మీద ఆధారపడినా ఎఫ్-డ్రాయిడ్ అక్కడ రాస్తుంది. గుర్తు ఉన్నంతమాత్రాన చెడ్డ యాప్ కాదు, తెలిసి తీసుకోమని చెప్పడం అంతే. రెండోది అనుమతుల జాబితా. హెలిబోర్డు పేజీలో నెట్‌వర్క్ అనుమతి కనిపించదు. ఇంటర్నెట్‌ను తాకే అనుమతే లేని కీబోర్డు మీ పాస్‌వర్డును తనంతట తాను ఎక్కడికీ పంపలేదు. గోప్యతా విధానం పేరుతో రాసే పేజీలకు పేజీల కంటే ఈ ఒక్క ఖాళీని నేను ఎక్కువ నమ్ముతాను.

8. ఇన్‌స్టాల్ నొక్కండి. ఇప్పుడు ఎఫ్-డ్రాయిడ్‌కు అదే అనుమతి ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వండి. దీన్ని మాత్రం ఉంచేయవచ్చు. ఎందుకంటే తరువాత అప్‌డేట్లు తేవలసింది అదే.

9. కీబోర్డును తెరిచి, అది చెప్పినట్టు సెట్టింగ్‌లలో ఆన్ చేయండి. మీరు టైపు చేసే పాఠమంతా, పాస్‌వర్డులు, క్రెడిట్ కార్డు సంఖ్యలతో సహా, ఈ కీబోర్డు సేకరించగలదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. బయటి నుంచి చేర్చుకునే ఏ కీబోర్డుకైనా వచ్చే మాటే ఇది. ఏడో దశ చేశారు కాబట్టి మీకు జవాబు తెలుసు. తరువాత భాషల విభాగంలో తెలుగును ఆన్ చేసుకోండి.

ఒక ముందు మాట: ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే సదుపాయం హెలిబోర్డులో ఉండదు. తెలుగు అక్షరాల మీటలతోనే కొట్టాలి. లిప్యంతరీకరణ అలవాటైనవారు ఇండిక్ కీబోర్డును ప్రయత్నించండి. పదాల సూచనల్లోనూ గూగుల్ కీబోర్డుతో పోటీ ఆశించవద్దు. కొన్నాళ్లు వాడి నచ్చకపోతే తీసేయండి, పోయేదేమీ లేదు.

ఎఫ్-డ్రాయిడ్‌లో కూడా లేని యాప్ అయితే

కొందరు డెవలపర్లు తమ సైటులోనో, సోర్సు కోడ్ పంచుకునే గిట్‌హబ్ అనే సైటులోనో మాత్రమే ఏపీకే పెడతారు. అక్కడ "రిలీజెస్" అన్న పేజీలో ఒకే యాప్‌కు నాలుగైదు ఫైళ్లు కనిపించి తికమక పెడతాయి. పేరులో "ఆర్మ్ 64" అని ఉన్నది ఈ మధ్య వచ్చిన దాదాపు అన్ని ఫోనులకూ సరిపోతుంది. "ఆర్మ్ ఈఏబీఐ" అని ఉన్నది పాత 32 బిట్ ఫోనులకు. "ఎక్స్86" మీకు అక్కర్లేదు. "యూనివర్సల్" ఉంటే సందేహం లేకుండా అదే తీసుకోండి, పరిమాణం కాస్త ఎక్కువ, అంతే. చవక ఫోనుల్లో కొన్నిటికి ప్రాసెసర్ 64 బిట్ అయినా లోపలి ఆండ్రాయిడ్ 32 బిట్ ఉంటుంది. "నా ఫోను కొత్తదే కదా, ఎందుకు పడదు?" అన్నవారిలో కొందరిది ఈ కథే.

ఇక్కడ సంతకం గురించి తెలియాలి. ప్రతి ఏపీకే మీదా దాన్ని తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. ఒకసారి వేసుకున్న యాప్‌కు అప్‌డేట్ రావాలంటే అదే సంతకం ఉండాలి, లేకపోతే ఆండ్రాయిడ్ తిప్పికొడుతుంది. అంటే నమ్మకం పెట్టవలసింది మొదటిసారే. మొదటి ఫైలు అసలు చోటి నుంచి తెచ్చుకున్నారా, తరువాత నకిలీ అప్‌డేట్ ఎవరు ఇచ్చినా మీ యాప్ మీద అది ఎక్కదు.

అందుకే మొదటి ఫైలుకు ఈ జాగ్రత్తలు తీసుకోండి. గిట్‌హబ్ పేజీకి డెవలపర్ సొంత సైటు నుంచో, ఎఫ్-డ్రాయిడ్ పేజీ నుంచో వెళ్లండి, సెర్చ్ ద్వారా వద్దు. దిగిన ఫైలును వేయకముందు వైరస్‌టోటల్ అనే సైటులో ఎక్కించి చూడండి. పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి పరీక్షిస్తాయి. ఒకటి రెండు ఎర్రజెండాలు వస్తే పొరపాటు కావచ్చు, చాలా వస్తే ఆ ఫైలును వదిలేయండి. అన్నీ పచ్చగా వచ్చినా అది హామీ పత్రం కాదు. నిన్న పుట్టిన మాల్వేర్ ఇవాళ ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు.

ప్లే స్టోర్‌లో ఉన్న యాప్‌కే పాత వెర్షన్ కావాలంటే ఏపీకే మిర్రర్ ఒక దారి. అక్కడ పెట్టే ఫైళ్ల సంతకాలను అసలు వాటితో పోల్చి చూస్తారు. "మోడ్", "ప్రీమియం ఉచితం" అని రాసిన సైట్ల సంగతి పైన జీబీ వాట్సాప్ దగ్గర చెప్పిందే.

సాధారణంగా వచ్చే ఇబ్బందులు

"యాప్ ఇన్‌స్టాల్ కాలేదు, ఉన్న ప్యాకేజీతో పొసగడం లేదు" అని వస్తే, చాలాసార్లు సంతకం తేడాయే కారణం. ప్లే స్టోర్ నుంచి వేసుకున్న యాప్ మీద ఎఫ్-డ్రాయిడ్ వెర్షన్ వేయబోయారన్నమాట. ఎఫ్-డ్రాయిడ్ చాలా యాప్‌లను సోర్సు నుంచి తానే తయారుచేసి తన సంతకం పెడుతుంది. అందుకే రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కవు. పాతదాన్ని తీసేసి కొత్తది వేయాలి. తీసేస్తే అందులోని సమాచారమంతా పోతుంది కాబట్టి ముందు ఎగుమతి చేసుకోండి. నోట్సు, ఓటీపీ యాప్‌ల విషయంలో తొందరపడి తీసేసి, తరువాత ఖాతాల్లోకి వెళ్లలేక తల పట్టుకున్నవారు తక్కువమందేమీ కాదు. ఒక హెచ్చరిక: ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన యాప్‌కు, అదే చోటి నుంచి తెచ్చిన అప్‌డేట్‌కు ఈ సందేశం వస్తే మాత్రం బలవంతంగా వేయకండి. ఆ ఫైలులోనే ఏదో తేడా ఉంది.

"ప్యాకేజీని చదవడంలో సమస్య" అంటే ఫైలు సగమే దిగి ఉండాలి, లేదా ఆ యాప్‌కు మీకంటే కొత్త ఆండ్రాయిడ్ కావాలి. చెరిపేసి మళ్లీ దించండి. అప్పుడూ అదే వస్తే ఆ యాప్ పాత వెర్షన్ వెతకాలి.

సామ్‌సంగ్ ఫోనుల్లో "ఆటో బ్లాకర్" ఉంటుంది. 2024 తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అది మొదటి నుంచే ఆన్‌లో ఉండటంతో, అనుమతి మీట బూడిద రంగులో ఉండి కదలదు. సెట్టింగ్‌లలో భద్రత, గోప్యత విభాగంలో దాన్ని తాత్కాలికంగా ఆపి, పని కాగానే తిరిగి వేయండి. వేయడం మరిచిపోతానని అనిపిస్తే అసలు ఆపకండి.

చాలా పాత యాప్ అయితే ఆండ్రాయిడ్ 14, ఆ తరువాతి ఫోనులు దాన్ని వేయనివ్వవు. ఆండ్రాయిడ్ 6 కంటే ముందు కాలానికి రాసిన యాప్‌లకు తలుపు మూసేశారు. చిన్నప్పటి ఆటల మీద మోజుతో ప్రయత్నించేవారికి ఇది తగులుతుంది.

బ్రౌజర్ ద్వారానో ఫైల్ మేనేజర్ ద్వారానో వేసిన యాప్‌కు యాక్సెసిబిలిటీ లేదా నోటిఫికేషన్లు చదివే అనుమతి ఇవ్వబోతే, ఆండ్రాయిడ్ 13 నుంచి "పరిమితం చేసిన సెట్టింగ్" అని అడ్డుపడుతుంది. యాప్ సమాచారం పేజీలో మూడు చుక్కల మెనూ నుంచి దాన్ని తొలగించవచ్చు. తొలగించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: తెర మీద కనిపించే ప్రతిదాన్నీ చదివి, నా బదులు బటన్లు నొక్కే అధికారం ఈ యాప్‌కు ఎందుకు? చూపు లేనివారికి చదివి వినిపించే యాప్‌కైతే అది కావాలి. వీడియో ప్లేయర్‌కు ఎందుకు?

సరిగ్గా పడిందా అని చూసుకోవడం

యాప్ తెరుచుకుంటే సరిపోదు. ఆ యాప్ ఐకాన్ మీద నొక్కి పట్టి యాప్ సమాచారం తెరవండి. కిందిదాకా వెళ్తే ఏ స్టోర్ నుంచి పడిందో రాసి ఉంటుంది. ఎఫ్-డ్రాయిడ్ అని కనిపించాలి. తరువాత అనుమతులు నొక్కి, పైన మూడు చుక్కల్లో "అన్ని అనుమతులు" తెరవండి. మామూలు అనుమతుల పేజీలో కనిపించని ఇంటర్నెట్ అనుమతి ఇక్కడ బయటపడుతుంది. హెలిబోర్డుకు "పూర్తి నెట్‌వర్క్ యాక్సెస్" అన్న వాక్యం ఉండకూడదు. ఇదే పేజీని మీరు ఇప్పుడు వాడుతున్న టార్చ్ యాప్‌కో క్యాలెండర్ యాప్‌కో తెరిచి చూడండి, ప్లే స్టోర్ నుంచి వచ్చినవైనా సరే. టార్చ్ వెలిగించడానికి ఇంటర్నెట్ దేనికో!

బ్యాటరీ, డేటా వాడకం కొన్ని రోజుల తరువాత ఒకసారి చూడండి. ఒకటి రెండు వారాలకు ఎఫ్-డ్రాయిడ్ తెరిచి అప్‌డేట్లు ఉన్నాయేమో చూసుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి తను వేసిన యాప్‌లను అది తనంతట తాను అప్‌డేట్ చేయగలదు. డెవలపర్ విడుదల చేసిన వెర్షన్ ఎఫ్-డ్రాయిడ్‌కు చేరడానికి కొన్ని రోజులు పట్టడం మామూలే. గిట్‌హబ్ నుంచి నేరుగా వేసుకున్నవాటికైతే అప్‌డేట్ బాధ్యత మీదే. దాన్ని మోయలేమనుకుంటే ఆ యాప్ వద్దనుకోవడమే మంచిది, ఎందుకంటే అప్‌డేట్ లేని బ్రౌజర్ కంటే ప్రమాదకరమైనది ఫోనులో ఇంకోటి ఉండదు.

పొరపాటున వేసేస్తే

ఆర్‌టీఓ చలాన్, పెళ్లి పత్రిక, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ. మన రెండు రాష్ట్రాల్లో వాట్సాప్‌లో తిరిగే దొంగ ఏపీకేల పేర్లు ఎక్కువగా ఇలాంటివే. తెలిసినవారి నంబరు నుంచే రావచ్చు, వారి ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటే. వేయగానే ఎస్ఎంఎస్ అనుమతి అడుగుతుంది, ఇస్తే ఐకాన్ మాయమవుతుంది. యాప్ పోయిందని మీరనుకుంటారు. లోపల మాత్రం మీ ఓటీపీలు ఎవరికో చేరుతుంటాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: పెళ్లి పత్రిక బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, దాన్ని ఇన్‌స్టాల్ చేయాల్సిన పని ఎక్కడా లేదు.

నొక్కడం వరకే అయి, ఇన్‌స్టాల్ చేయకపోతే ఫైలును చెరిపేయండి, చాలు. ఇన్‌స్టాల్ అయితే ఈ వరుసలో చేయండి.

1. ఫోనును వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఓటీపీలు బయటికి పోవడం ఆగుతుంది.
2. వేరే ఫోను నుంచి బ్యాంకుకు కాల్ చేసి ఖాతా, కార్డులు, యూపీఐ నిలిపించండి. నంబరును పాస్‌బుక్ మీదో కార్డు వెనకో చూసి కొట్టండి, గూగుల్‌లో వెతకవద్దు.
3. డబ్బు పోయి ఉంటే 1930కి కాల్ చేయండి. దేశమంతటా పనిచేసే సైబర్ నేరాల నంబరు ఇది. ఎంత త్వరగా చేస్తే పోయిన డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడుతూ మర్నాటి దాకా ఆగకండి.
4. ఫోనును సేఫ్ మోడ్‌లో (మనం వేసిన యాప్‌లు నడవని పద్ధతిలో) తెరవండి. చాలా ఫోనుల్లో పవర్ ఆఫ్ బటన్‌ను తెర మీద నొక్కి పడితే ఆ అవకాశం వస్తుంది. యాప్‌ల పూర్తి జాబితాలో పేరు లేనిదో, కొత్తగా చేరినదో వెతికి తీసేయండి. తీసేయనివ్వకపోతే భద్రత విభాగంలో "డివైజ్ అడ్మిన్ యాప్‌లు" తెరిచి అక్కడ దాని అధికారం రద్దు చేసి మళ్లీ ప్రయత్నించండి.
5. ఫోటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. నాలుగో దశతో సరిపోయిందని అనిపించినా చేయమనే నా సలహా.
6. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ రీసెట్ తరువాతనో, వేరే ఫోను నుంచో మార్చండి, పాడైన ఫోనులో కాదు. వాట్సాప్‌లో "లింక్ చేసిన పరికరాలు" చూడండి. *#21# డయల్ చేసి మీ కాల్స్ ఎవరికైనా మళ్లుతున్నాయేమో చూడండి, మళ్లుతుంటే ##002# కొడితే రద్దవుతాయి.

రీసెట్‌కు ముందే సాక్ష్యంగా ఆ వాట్సాప్ సందేశాన్ని, పంపిన నంబరును వేరే ఫోనుతో ఫోటో తీసి ఉంచుకోండి. రీసెట్ చేశాక అవి దొరకవు.

ఐఫోన్ ఉన్నవారికి

భారత్‌లో ఐఫోన్‌కు యాప్ స్టోర్ కాక మరో స్టోర్ లేదు. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4 నుంచి ఇతర స్టోర్లకు అనుమతి ఉంది. జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఆ సదుపాయం వాడుకోవచ్చు. అయితే ఖాతా దేశంతో పాటు మీరు ఉన్న చోటునూ యాపిల్ చూస్తుంది. ఇండియాకు వచ్చి ఎక్కువ కాలం ఉండిపోతే కొత్తవి వేసుకోవడం ఆగిపోతుంది.

ఇక్కడున్నవారికి పనికొచ్చే దారి వెబ్ యాప్. సఫారీలో సైటు తెరిచి, షేర్ మెనూలో "హోమ్ స్క్రీన్‌కు జోడించు" నొక్కండి. ఐఓఎస్ 16.4 నుంచి ఇలా చేర్చుకున్నవి నోటిఫికేషన్లు కూడా ఇవ్వగలవు. సొంతంగా యాప్ రాసుకునేవారు ఉచిత ఖాతాతో తమ ఫోనులో వేసుకోవచ్చు, కానీ ఏడు రోజులకోసారి మళ్లీ సంతకం చేసుకోవాలి.

మూసిన పద్ధతి కాబట్టి మోసం రాదనుకోకండి. పెట్టుబడి పేరుతో మోసం చేసేవారు టెస్ట్‌ఫ్లైట్ (ప్రయోగ దశలోని యాప్‌లను పంచే యాపిల్ ఏర్పాటు) లింకునో, "ప్రొఫైల్" (ఫోను సెట్టింగ్‌లను మార్చే ఫైలు) వేసుకోమనే సూచననో పంపుతుంటారు. సెట్టింగ్‌లు, జనరల్, ఆ లోపల "వీపీఎన్, పరికర నిర్వహణ" తెరవండి. మీ ఆఫీసు పెట్టినది కాని ప్రొఫైల్ అక్కడ కనిపిస్తే తీసేయండి.

త్వరలో మారబోయేది

బయటి యాప్‌లకు కూడా వాటి డెవలపర్ ఎవరో గూగుల్ దగ్గర నమోదు చేసుకోవాలనే నిబంధనను ఆ సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. ఎఫ్-డ్రాయిడ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. తెలిసి వేసుకునేవారి కోసం హెచ్చరికలతో కూడిన వేరే దారి ఉంచుతామని ఆ తరువాత నవంబరులో గూగుల్ చెప్పింది. దొంగ చలాన్ ఏపీకేలకు ఇది కొంత అడ్డుకట్ట వేయవచ్చు, నిజమే. కానీ పేరు చెప్పుకోవడం ఇష్టం లేక, ఉచితంగా యాప్ రాసి పెట్టే మనిషి కూడా అదే కట్టలో చిక్కుకుంటాడు. ఇప్పటికి మీరు చేయవలసిందల్లా మీరు వాడే బయటి యాప్‌ల జాబితా ఒకటి రాసి పెట్టుకోవడం. వాటిలో సమాచారాన్ని ఎగుమతి చేసే వీలు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. లేనివాటిలో ముఖ్యమైనదేదీ పెట్టకండి.